జీవితమంతా ఆర్కెస్ట్రా నడిపిన మాలర్ అంత సంగీతం ఎప్పుడు రాశాడు?

సత్యనారాయణపురం వయొలిన్

అందరికీ నమస్కారం. నాది విజయవాడ. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నా, ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం, ఆదివారాలు పిల్లలకి సరళీ వరసలు చెప్తుంటా. వెస్ట్రన్ క్లాసికల్‌తో పరిచయం చాలా తక్కువ నాకు. పోయిన నెల గుంటూరు నుంచి సాయంత్రం ప్యాసింజర్‌లో వస్తూ ఇయర్‌ఫోన్స్‌లో ఏదో వింటుంటే యూట్యూబ్ దానంతటదే గుస్తావ్ మాలర్ ఫస్ట్ సింఫనీ (పెద్ద ఆర్కెస్ట్రా కోసం భాగాలుగా రాసిన సంగీతం) పెట్టేసింది. మొదట్లో ఏమీ లేదండి, ఒకే ఒక్క స్వరం, వయొలిన్లు ఎక్కడో పైన, బేస్‌లు ఎక్కడో కింద, అందరూ ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని కూర్చున్నారు, నాకు తంబురా శ్రుతి గుర్తొచ్చి ఆపబుద్ధి కాలేదు. మంగళగిరిలో మొదలైతే కృష్ణ బ్రిడ్జి మీదకొచ్చేసరికి మూడో భాగంలో ఉన్నా, అక్కడ శవయాత్ర లాంటి నడక, దాని మధ్యలో ఉన్నట్టుండి పెళ్లి బ్యాండు లాంటి పాట వచ్చేసింది, నేను ఫోన్ తీసి చూసుకున్నా ఏదైనా యాడ్ వచ్చిందేమో అని. యాడ్ కాదు, ఆయన రాసిందే అది.

అప్పటి నుంచి ఆయన గురించి దొరికింది దొరికినట్టు చదువుతున్నా. 1860లో పుట్టి 1911లో పోయాడు, యాభై ఏళ్లే. బతికున్నప్పుడు ఆయన్ని ఊళ్లో జనం ముందు కండక్టర్‌గానే, అంటే ఆర్కెస్ట్రా నడిపేవాడిగానే గుర్తుపట్టేవాళ్లట, పదేళ్లు వియన్నా ఒపేరాకి, అంటే పాటలతో నడిచే నాటకాలు ఆడే థియేటర్‌కి డైరెక్టర్ అట. నాకు అర్థం కానిది ఇదే. మన త్యాగరాజస్వామి కీర్తన కట్టి తనే పాడుకున్నాడు, శిష్యులు విని పట్టుకున్నారు, మధ్యలో ఇంకో మనిషి అవసరం రాలేదు. ఏ వాద్యమూ పట్టుకోకుండా కర్ర ఊపే మనిషి అంత ముఖ్యం ఎందుకయ్యాడు? పొద్దున్నించి రాత్రి దాకా ఆ పనిలో ఉన్నవాడు గంటన్నర సాగే సింఫనీలు ఎప్పుడు రాసుకున్నాడు? ఆ శవయాత్రలో పెళ్లి పాట ఏంటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, తర్వాత ఏం వినాలో కూడా చెప్తే సంతోషం.

అరండల్‌పేట క్వయర్

బ్రదర్, మీ మొదటి ప్రశ్నకి నేను చెప్తా, నేను గుంటూరులో మా లూథరన్ చర్చి క్వయర్‌ని ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నా. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచి ఇక్కడ నాలుగు స్వరాల్లో పాడటం అలవాటైన ఊరు మాది, సొప్రానో ఆల్టో టెనర్ బేస్ అంటే మా ముసలమ్మలక్కూడా తెలుసు. క్రిస్మస్‌కి హాండెల్ హల్లెలూయా కోరస్ పాడతాం, నలభై మంది. నలభై మందికీ పాట కంఠతా వచ్చు, శ్రుతి బాగానే ఉంటుంది, అయినా నేను చెయ్యి దించేస్తే పది బార్లలో, అంటే పది తాళం ముక్కల్లో చెదిరిపోతారు. టెనర్లు తొందరపడతారు, ఆల్టోలు ఎప్పుడూ చిన్నగా పాడతారు, బేస్‌లు ఒకరి గొంతు ఒకరు వినరు. కచేరీలో అయితే మీరు, మృదంగం, పాడేవారు ముగ్గురు నలుగురు దగ్గరగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, కళ్లతోనే తాళం నడిచిపోతుంది. వంద మంది హాలు వెడల్పునా కూర్చుంటే వెనక కూర్చున్న డ్రమ్ముల ఆయనకి ముందు వరస వయొలిన్ సరిగ్గా వినపడదు కూడా. అందరికీ కనపడే ఒక చెయ్యి కావాలి. అది కనీస పని. అసలు పని రిహార్సల్‌లో ఉంటుంది, ఏ స్వరం ముందుకు రావాలి, ఏది వెనక్కి తగ్గాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఇదంతా ఆ మనిషి చెవిలో ముందే కట్టుకుని ఉండాలి.

మాలర్ ఆ పని కింద నుంచి పైకి ఎక్కుతూ నేర్చుకున్నాడు. పుట్టింది బొహీమియాలో కలిష్టె అనే పల్లెటూరు, ఇప్పటి చెక్ దేశం. పెరిగింది దగ్గర్లో ఉన్న యీహ్లావాలో, అప్పట్లో ఇగ్లావ్ అనేవాళ్లు. జర్మన్ మాట్లాడే యూదుల కుటుంబం, నాన్నకి సారాబట్టీ, దుకాణం. అమ్మకి పధ్నాలుగు మంది పిల్లలు, సగం మంది పైగా చిన్నప్పుడే పోయారు, ఇంట్లోంచి చిన్న చిన్న శవపేటికలు వెళ్తుంటే చూస్తూ పెరిగాడు ఆయన. పదిహేనేళ్లకి వియన్నా కన్సర్వేటరీలో చేరాడు పియానో కోసం. అక్కడ నుంచి 1880లో బాట్ హాల్ అనే ఊళ్లో వేసవి థియేటర్‌లో మొదటి ఉద్యోగం, తర్వాత లైబాక్, ఓల్మూట్స్, కాసెల్, ప్రాగ్, లైప్‌జిగ్, బుడాపెస్ట్, హాంబర్గ్. ఒక్కో ఊళ్లో కొన్ని నెలల నుంచి రెండు మూడేళ్లు, హాంబర్గ్‌లో మాత్రం ఆరేళ్లు, అన్నీ ఒపేరా ఉద్యోగాలే, వారానికి ఎన్ని రాత్రులు ఆడితే అన్ని రాత్రులూ వేరేవాళ్ల సంగీతం నడపడమే. 1897లో వియన్నా కోర్ట్ ఒపేరా. దాని కోసం ఆ ఏడాది ఫిబ్రవరిలో కాథలిక్ మతం పుచ్చుకోవాల్సొచ్చింది, చక్రవర్తి కొలువులో అంత పెద్ద పదవి యూదుడికి ఇచ్చేవాళ్లు కాదు కాబట్టి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, నేను నమ్మకం ఉన్న మనిషిని, ఉద్యోగం కోసం ఎవరినైనా బాప్తిస్మం తీసుకునేలా చేయడం తప్పు అని ఈ పూటా అంటా. తీసుకున్నా పత్రికలు వదల్లేదు ఆయన్ని, పదేళ్లూ యూదుడు యూదుడు అని రాస్తూనే ఉన్నాయి.

అక్కడ ఆయన ఏం చేశాడంటే ఆట మొదలయ్యాక ఆలస్యంగా వచ్చినవాళ్లని లోపలికి రానివ్వలేదు, గాయకులు డబ్బులిచ్చి పెట్టుకునే అద్దె చప్పట్ల గుంపుని ఆపించడానికి పోరాడాడు, వాగ్నర్ అనే జర్మన్ కంపోజర్ రాసిన పొడుగాటి ఒపేరాలు కత్తిరించకుండా పూర్తిగా ఆడించాడు, 1903 నుంచి ఆల్‌ఫ్రెడ్ రోలర్ అనే చిత్రకారుణ్ణి పెట్టుకుని స్టేజి, లైటింగ్ అంతా మార్చాడు. పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఆయన్ని చూసి హడలిపోయేవాళ్లట.

మరి రాయడం ఎప్పుడు అంటే, వేసవి సెలవుల్లో బ్రదర్. అంతే. ఒపేరా మూసేసిన ఆ రెండు మూడు నెలలు. 1893 నుంచి వేసవికి అటెర్‌జే సరస్సు ఒడ్డున ష్టైన్‌బాక్ వెళ్లేవాడు, మరుసటి ఏడాదికి అక్కడ ఒకే గది ఉన్న చిన్న కట్టడం కట్టించుకున్నాడు, అందులో ఒక పియానో, బల్ల. సెకండ్ సింఫనీలో చాలా భాగం, థర్డ్ మొత్తం అక్కడివే. తర్వాత మాయెర్నిగ్‌లో ఇల్లు, ఇంటి వెనక అడవిలో ఇంకో గుడిసె. తెల్లారగానే అక్కడికి వెళ్లిపోయేవాడు, ఫలహారం తెచ్చే పనిమనిషి కూడా ఆయన కంట పడకుండా వేరే దారిన ఎక్కి వెళ్లాలి. వేసవిలో పెన్సిల్‌తో గీసుకున్నది శీతాకాలంలో ఉద్యోగం చేస్తూ సాఫు ప్రతి రాసుకునేవాడు. మీరు బ్యాంకు ఉద్యోగం అన్నారు కదా, మీకు బాగా తెలుస్తుంది ఆ కష్టం.

కొత్తపేట క్లారినెట్

సార్ నమస్తే, నాది గుంటూరు కొత్తపేట, మా నాన్న కాలం నుంచి బ్యాండు మేళం మాది. నోటేషన్ నాకు కొంచెం వచ్చు, మా తాత ఒక పాత మిలటరీ బ్యాండ్ మాస్టర్ దగ్గర నేర్చుకుని మాకు నేర్పాడు. మీరు చెప్పిన ఆ మూడో భాగం నిన్న రాత్రి విన్నా, అయిదు సార్లు విన్నా సార్, నిద్ర పట్టలా.

మొదట పెద్ద డ్రమ్ములు రెండు దెబ్బలు నడక వేస్తాయి, దాని మీద ఒక్క డబుల్ బేస్, మనిషంత ఎత్తుండే పెద్ద వయొలిన్ లాంటిది, పాట ఎత్తుకుంటుంది. ఇంగ్లీషు మీడియం స్కూల్లో మా పాప నేర్చుకున్న బ్రదర్ జాన్ పాటే అది, నిద్ర లేపే పాట, దాన్నే దిగులుగా వినపడే మైనర్ స్వరాల్లో పెట్టి మెల్లగా ఈడ్చాడు, ఒకరి వెనక ఒకరు అందుకుంటారు, జనం ఒకరి వెనక ఒకరు నడిచినట్టు. అయిపోయాక వస్తది సార్ ఆ బ్యాండు ముక్క, చిన్న క్లారినెట్లు, ట్రంపెట్లు, అది రాసినాయన బ్యాండు దగ్గర నిలబడి విన్నోడే, ఇంట్లో కూర్చుని ఊహించి రాసేది కాదు అది. పెద్ద డ్రమ్ము మీదే తాళం బిగించి ఒకడే రెండూ కొట్టే చప్పుడు వినపడింది నాకు, అనుమానం వచ్చి మా క్వయర్ సార్‌ని ఫోన్ చేసి అడిగా, స్కోర్‌లో, అంటే అన్ని వాద్యాల స్వరాలూ రాసిన పుస్తకంలో, అట్టాగే కొట్టమని మాలర్ రాసే పెట్టాడంట. మేము చేసేది అదే. మనిషి తక్కువైనప్పుడు తాళం డ్రమ్ముకే కట్టేస్తాం.

శవం మధ్యలో పెళ్లి పాట ఎట్టా వస్తది అని అడిగారు. మాకు రోజూ వస్తది సార్. పొద్దున మంగళగిరిలో పెళ్లి ఊరేగింపు, అది దించి టీ తాగి యూనిఫారం మార్చకుండానే సాయంత్రం ఇంకో ఊళ్లో పెద్దాయన పోయాడంటే ఆడికి పోతాం. అదే క్లారినెట్టు, అదే రీడ్. ఒక్కోసారి శవం ముందు కూడా ఆ పెద్దాయనకి ఇష్టమైన సినిమా పాట వాయించమంటారు కొడుకులు, హుషారు పాటే, వాయిస్తుంటే వెనక ఏడుపు పెరుగుద్ది. పాట హుషారుగా ఉండేకొద్దీ ఏడుపు పెరుగుద్ది సార్, నేను చాలా సార్లు చూశా. ఆయనకి అది తెలుసు.

సత్యనారాయణపురం వయొలిన్

అన్నా, మీరు రాసింది మూడు సార్లు చదివా. ఇంత చదివినా ఈ మాట నాకు ఎక్కడా దొరకలేదు. రీడ్ ఒకటే అన్నారు చూడండి, దాంతో ఆ భాగం నాకు తెరుచుకుంది.

అరండల్‌పేట క్వయర్

మన తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, దానికి ఆధారం కూడా ఉంది. ఇగ్లావ్‌లో పటాలం ఉండేది, చిన్నప్పుడు మాలర్ బ్యాండు వెనక వీధులెంట నడిచేవాడు, మార్చింగ్ పాటలన్నీ అక్కడే పట్టుకున్నాడు. చనిపోయే ముందు సంవత్సరం, 1910 ఆగస్టులో, సంసారంలో పెద్ద కష్టం వచ్చి హాలండ్‌లో లైడెన్ ఊళ్లో మనసు జబ్బుల డాక్టర్ ఫ్రాయిడ్‌ని కలిశాడు, అప్పుడు ఒక సంగతి చెప్పాడట. చిన్నప్పుడు ఇంట్లో అమ్మానాన్న ఘోరంగా గొడవపడుతుంటే తట్టుకోలేక వీధిలోకి పరిగెత్తాడట, సరిగ్గా అప్పుడే బయట ఒకాయన చేతితో తిప్పే వాద్యం మీద అందరికీ తెలిసిన సరదా పాట తిప్పుతున్నాడట. ఆ రోజు నుంచి పెద్ద దుఃఖం, వీధి పాట రెండూ తన మనసులో అతుక్కుపోయాయి అని చెప్పుకున్నాడట.

ఆ మూడో భాగానికి ఇంకో మూలం కూడా ఉంది, అప్పట్లో పిల్లల పుస్తకాల్లో ఉండే బొమ్మ ఒకటి, వేటగాడు చనిపోతే అడవిలో జంతువులన్నీ కలిసి వాడి శవాన్ని మోసుకెళ్తుంటాయి. ఈ సింఫనీ మొదటిసారి 1889 నవంబరు 20న బుడాపెస్ట్‌లో ఆయనే నడిపితే జనానికి నచ్చలేదు, సగం మంది ఏంటిది అన్నట్టు చూశారు. అప్పటికి ఆ ఊరి రాయల్ ఒపేరాకి ఆయనే డైరెక్టర్, కండక్టర్‌గా మంచి పేరుంది, అయినా సొంత పాటకి వచ్చేసరికి అది అక్కరకు రాలేదు.

బ్రాడీపేట వీణ

అందరూ ఆయన గుడిసె గురించి, వేసవి గురించి గొప్పగా చెప్తున్నారు, నేను ఆ ఇంటి లోపల సంగతి చెప్తా, అది వదిలేస్తే ఈయన జీవితం సగమే చెప్పినట్టు. 1902 మార్చిలో ఆల్మా షిండ్లర్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడకి ఇరవై రెండు, ఈయనకి నలభై ఒకటి. ఆవిడ కంపోజర్. పాటలు కట్టేది, గురువు దగ్గర నేర్చుకుంటోంది. పెళ్లికి ముందు డిసెంబరులో ఈయన పేజీలకి పేజీలు ఉత్తరం రాశాడు, ఇంట్లో ఇద్దరు కంపోజర్లు కుదరదు, ఇక నుంచి నువ్వు రాయడం మానెయ్యాలి, నా సంగీతాన్నే నీదనుకోవాలి అని. ఆవిడ మానేసింది. ఆ ఇంట్లో ఆవిడ ఆయన రాసినవి సాఫు ప్రతి తీసిపెట్టింది, అప్పులు లెక్కలు చూసింది, పిల్లల్ని కన్నది, ఆయన గుడిసెలో ఉన్నంతసేపూ చప్పుడు కాకుండా చూసుకుంది.

నేను వీణ నేర్పుతా ముప్పై ఏళ్లుగా. నా దగ్గర నేర్చుకుని ఏ గ్రేడ్ ఆర్టిస్టులు కావలసిన ఆడపిల్లలు ఎంతమంది పెళ్లి కాగానే వీణకి గుడ్డ కప్పి అటక మీద పెట్టారో నాకు పేరుపేరునా తెలుసు. వాళ్లెవరికీ ఉత్తరం రాయనక్కర్లేకపోయింది, ఎవరూ అడక్కుండానే మానేశారు. అందుకే ఆ ఉత్తరం సంగతి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, మాలర్ సంగీతం నాకు ప్రాణం అయినా సరే.

1910లో ఆల్మా వాల్టర్ గ్రోపియస్ అనే యువ ఆర్కిటెక్ట్‌తో ప్రేమలో పడ్డ సంగతి బయటపడ్డాకే ఈయన ఆవిడ పాత పాటలు తీసి చూశాడు. చూసి, ఇవి బాగున్నాయే, నేనేం చేశాను అని ఏడ్చాడట. అప్పుడు దగ్గరుండి అయిదు పాటలు అచ్చు వేయించాడు. తొమ్మిదేళ్ల తర్వాత. ఆ తొమ్మిదేళ్లలో ఆవిడ ఏం కట్టి ఉండేదో ఎవరు చెప్పగలరు.

ఇంకొకటి. రుకెర్ట్ అనే జర్మన్ కవి ఇద్దరు పిల్లలు పోతే ఆ దుఃఖంలో నాలుగు వందలకి పైగా పద్యాలు రాశాడు, వాటిలో అయిదు తీసుకుని మాలర్ 1901, 1904 మధ్య చనిపోయిన పిల్లల పాటలు కట్టాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఆడుకుంటుంటే ఇలాంటివి ఎలా రాస్తారు, దేవుణ్ణి రెచ్చగొట్టకండి అని ఆల్మా భయపడిందట. 1907 జులైలో పెద్దమ్మాయి మరియా మాయెర్నిగ్ ఇంట్లోనే జ్వరంతో, గొంతు జబ్బుతో పోయింది, నాలుగున్నరేళ్లు. శకునం అని చాలామంది రాస్తారు, నేను నమ్మను. ఆయన చిన్నప్పుడు పోయిన తమ్ముళ్ల కోసం కట్టుకున్న పాటలు అవి అనిపిస్తుంది నాకు, వాటిలో ఒక తమ్ముడు ఎర్నస్ట్ అయితే ఈయనకి పధ్నాలుగేళ్లప్పుడు పోయాడు, పక్కన కూర్చుని కథలు చెప్తూ చూసుకున్న తమ్ముడు. ఆ పాటలు వినండి, మధ్యలో ఆపకుండా వినండి. చివరి పాటలో తుఫాను ఆగి జోలపాటగా మారిపోతుంది.

సత్యనారాయణపురం వయొలిన్

మేడమ్, నేను చదివిన వ్యాసాల్లో ఆ ఉత్తరం సంగతి ఒక్క లైనులో పోయింది. మీరు చెప్పాకే దాని బరువు తెలిసింది. మా ఇంట్లోనే ఉంది అలాంటి వీణ, మా అమ్మది. ఈ మాట ఇక్కడితో ఆపుతా.

ఇంకో సందేహం. ఆయన స్కోర్ ఫొటోలు నెట్‌లో చూశా, స్వరాల మధ్య అంతా జర్మన్‌లో ఏవో మాటలు, పేజీ నిండా. బీథోవెన్ స్కోర్‌లో అన్ని లేవు. ఎందుకలా?

పాత రేడియో మనిషి

బాబూ, ఈ ప్రశ్నకి నేను చెప్పాలి. ఆకాశవాణిలో వయొలిన్ వాయించి రిటైరైనవాణ్ణి. మన విజయవాడ స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది, బాలమురళి గారు అక్కడ పనిచేశారు, భక్తిరంజని రోజులు అవి, తర్వాత ఇక్కడి సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. ఢిల్లీలో 1952లో రవిశంకర్ గారితో వాద్యబృందం మొదలైంది. మన ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి గారు తర్వాత దానికి సంగీతం కట్టారు, నడిపారు. రేడియో లెక్కల్లో ఆ పదవి పేరే కంపోజర్ కండక్టర్. అంటే మాలర్ చేసిన రెండు పనులూ మన దగ్గర ఒకే కుర్చీలో పెట్టారు.

బృందంలో వాయిస్తే తెలుస్తుంది నీ ప్రశ్నకి జవాబు. మన స్వరలిపి ఎముకల గూడు లాంటిది. గమకం దాంట్లో ఉండదు, గురువు గొంతులో ఉంటుంది. ఒకరిద్దరు వాయిస్తే పర్వాలేదు, ఇరవై మంది కూర్చుంటే ఒక్కో బాణీ వాళ్లు ఒక్కోలా గమకం వేస్తారు, అప్పుడు కట్టినాయన ఎదురుగా నిలబడి పాడి చూపించాలి, ఇదిగో ఇంత కదుపు, ఇక్కడ కదపకు అని. ఆయన లేని రోజు అదే కాగితం పెట్టుకుని వాయిస్తే వేరే పాట అయిపోయేది.

మాలర్‌కి ఈ బాధ మనకంటే ఎక్కువ తెలుసు. పాతికేళ్లు పైగా వేరేవాళ్ల కాగితాలు పెట్టుకుని నడిపాడు, కండక్టర్లు ఎక్కడ తొందరపడతారో, ఎక్కడ బద్ధకిస్తారో, ట్రంపెట్ ఎక్కడ అందర్నీ మింగేస్తుందో కళ్లారా చూశాడు. అందుకే తన స్కోర్‌లో తొందరపడొద్దు, ఇక్కడ ఈడ్చొద్దు, క్లారినెట్ గొట్టం పైకెత్తి వాయించు, ఫస్ట్ సింఫనీ చివర హారన్ (చుట్ట తిరిగిన ఇత్తడి బూర) వాయించేవాళ్లంతా లేచి నిలబడండి, ఇలా రాసుకుంటూ పోయాడు. ఆ మాటలన్నీ ఎదురుగా నిలబడి చెప్పేవే, తను లేనప్పుడు కూడా వినపడాలని కాగితంలో పెట్టుకున్నాడు. అయినా తృప్తి లేదు, ఫిఫ్త్ సింఫనీ 1904లో మొదటిసారి ఆడాక వాద్యాలు మారుస్తూనే ఉన్నాడు, చివరి రోజుల దాకా. రిహార్సల్‌లో విన్నదాన్ని బట్టి రాసింది దిద్దుకోవడం, గది దాటని కంపోజర్‌కి దొరకని వరం అది. ఉద్యోగం ఆయన టైము తినేసింది అని అందరూ అంటారు, నిజమే, కానీ ఆ ఉద్యోగం లేకపోతే ఆ చెవి వచ్చేది కాదు అనేది నా నమ్మకం. సిక్స్త్ సింఫనీలో చెక్క సుత్తి దెబ్బ ఒకటి ఉంది, గొడ్డలి వేటులా మొద్దుగా పడాలి, ఇనుము మోగినట్టు మోగకూడదు అని రాశాడు. పక్క థియేటర్లో సామాను కింద పడ్డ చప్పుడు కూడా వదలకుండా విన్నవాడే అలా అడుగుతాడు.

1907లో మూడు దెబ్బలు ఒకేసారి. కూతురు పోయింది, గుండెలో జబ్బు ఉందని డాక్టర్లు చెప్పారు, వియన్నా ఉద్యోగం వదిలాడు. 1908 జనవరి 1న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో మొదటి రాత్రి, ఆ తర్వాత న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్. మన బొంబాయి జుబిన్ మెహతా 1978 నుంచి పదమూడేళ్లు నడిపింది ఆ ఆర్కెస్ట్రానే, ఆయన కుర్రవాడిగా 1954లో వెళ్లి కండక్టింగ్ నేర్చుకున్న ఊరు కూడా మాలర్ ఉన్న వియన్నానే. 1910 సెప్టెంబరు 12న మ్యూనిక్‌లో ఎయిత్ సింఫనీ, పాడేవాళ్లూ వాయించేవాళ్లూ కలిపి వెయ్యి మందికి పైగా, పిల్లల క్వయర్‌తో సహా, అందరి ముందు ఈయన ఒక్కడు. వెయ్యి మంది సింఫనీ అన్న పేరు ఆ కచేరీ ఏర్పాటు చేసినాయన ప్రచారం కోసం పెట్టింది, మాలర్‌కి ఇష్టం లేదు. సొంత సంగీతానికి ఆయన చూసిన అతి పెద్ద విజయం అదే, ఎనిమిది నెలల్లో పోయాడు. 1911 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో జ్వరంతోనే చివరి కచేరీ చేశాడు. గుండె కవాటాలకి సూక్ష్మజీవులు పట్టాయి, పెన్సిలిన్ ఇంకా పుట్టని కాలం. ఓడలో తీసుకొచ్చారు, మే 18న వియన్నాలో పోయాడు. గ్రిన్‌ట్సింగ్ శ్మశానంలో కూతురి పక్కనే. రాయి మీద పేరు ఒక్కటే.

కొత్తపేట క్లారినెట్

క్లారినెట్ గొట్టం పైకెత్తి వాయించమని రాశాడా సార్! మేము పెద్ద సెంటర్లలో ట్రాఫిక్ చప్పుడు ఎక్కువుంటే అట్టాగే ఎత్తుతాం. మా నాన్న ఉంటే ఈ మాట వినిపించేవాణ్ణి.

అరండల్‌పేట క్వయర్

మాస్టారు చెప్పాక నేను చెప్పేది కొంచెమే. ఆయన పోయినప్పుడు రెండు పెద్ద రచనలు ఇంకా ఎవరూ వినలేదు, భూమి పాట, నైన్త్ సింఫనీ. ఆయన దగ్గర పనిచేసిన బ్రూనో వాల్టర్ మొదటిది 1911 నవంబరులో మ్యూనిక్‌లో, రెండోది 1912లో వియన్నాలో నడిపాడు. టెన్త్ సగంలో ఆగిపోయింది. ఇదే వాల్టర్ కుర్రవాడిగా ష్టైన్‌బాక్ వెళ్లినప్పుడు అక్కడి కొండల్ని తలెత్తి చూస్తుంటే, వాటిని చూడక్కర్లేదు, అన్నీ నా పాటలో పెట్టేశాను అన్నాడట మాలర్. నాజీలు వచ్చాక యూదుడి సంగీతం అని జర్మనీలో, తర్వాత ఆస్ట్రియాలో నిషేధించారు. చెల్లెలి కూతురు ఆల్మా రోజే మంచి వయొలినిస్ట్, ఆవిణ్ణి నాజీల చంపుడు శిబిరం ఆష్‌విట్జ్‌కి పట్టుకెళ్తే అక్కడ ఖైదీ ఆడవాళ్ల ఆర్కెస్ట్రాని నడిపి చాలామంది ప్రాణాలు నిలబెట్టింది, 1944లో అక్కడే పోయింది. మేనమామ నుంచి వచ్చిన పనే అది, కండక్టర్ పని. దాని గురించి నేను ఎక్కువ రాయలేను.

లోకం మళ్లీ ఈయన్ని గట్టిగా పట్టుకున్నది 1960ల్లో, శతజయంతి తర్వాత, లెనార్డ్ బెర్న్‌స్టీన్ తొమ్మిది సింఫనీలూ, ఎయిత్ తప్ప మిగతావన్నీ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తోనే, రికార్డు చేశాక. ఆయన కూడా కంపోజర్, కండక్టర్, అదే ఆర్కెస్ట్రా.

మీరు తర్వాత ఏం వినాలంటే ఫిఫ్త్‌లో నాలుగో భాగం, అడాజియెట్టో. తీగ వాద్యాలు, హార్ప్, అంతే, పది నిమిషాలు. వయొలిన్ వాళ్లు కాబట్టి అది మీకు సూటిగా తగులుద్ది. తర్వాత సెకండ్. హాంబర్గ్‌లో ఫాన్ బ్యూలో అనే పెద్ద కండక్టర్ చనిపోతే 1894లో ఆ చర్చి ప్రార్థనకి వెళ్లి కూర్చున్నాడు మాలర్, పిల్లలు పునరుత్థానం పాట పాడారు, అయిదారేళ్లుగా చివర ఏం రాయాలో తెలియక ఆగిపోయిన సింఫనీకి దారి అక్కడ కనపడింది. ఆ బ్యూలోకే అంతకు ముందు మొదటి భాగం పియానో మీద వాయించి వినిపిస్తే చెవులు మూసుకున్నాడు! చివర్లో క్వయర్ లేచి అరిచేస్తుందనుకుంటాం, అరవదు, కూర్చునే అతి నెమ్మదిగా వినపడీ వినపడనట్టు మొదలవుద్ది. క్వయర్ నడిపే మనిషిగా చెప్తున్నా, అంత మంది చేత అంత చిన్నగా పాడించడం కంటే కష్టమైన పని లేదు.

బ్రాడీపేట వీణ

దాంతోపాటు ఆల్మా పాటలు కూడా దొరుకుతాయి, అయిదూ కలిపి ఓ పావుగంట అంతే. అవీ వినండి బాబూ.

సత్యనారాయణపురం వయొలిన్

రాయడం ఆలస్యమైంది, క్లోజింగ్ నెల, బ్యాంకులో పని ఎక్కువ. మొదట అడాజియెట్టో విన్నా. రెండో సారి వింటూ వయొలిన్ తీసి వెంట వాయించబోయా, కుదర్లేదు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే చోట నా చెయ్యి అలవాటుగా గమకం వేస్తోంది, వాళ్లు తిన్నగా జారి నిలబడిపోతున్నారు. నాలుగు రోజులు ప్రయత్నిస్తే మొదటి ఎనిమిది బార్లు కొంచెం దగ్గరగా వచ్చాయి. విల్లు అంత నెమ్మదిగా లాగడం నాకు ఎప్పుడూ అవసరం పడలేదు.

సెకండ్ ఆదివారం మధ్యాహ్నం విన్నా, గంటన్నర, మా అమ్మ కూడా పక్కన కూర్చుంది. క్వయర్ మొదలైనప్పుడు సౌండు పెంచబోయా, వద్దు అంది. తర్వాత మేడమ్ చెప్పిన ఆల్మా పాటలు పెట్టా, ఉత్తరం సంగతి కూడా చెప్పా. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం వీణ మీద గుడ్డ తీసి తుడిచింది. తీగలు తుప్పు పట్టాయి, గవర్నర్‌పేటలో వీణ తీగలు ఎక్కడ మంచివి దొరుకుతాయో మాస్టారికి గానీ మేడమ్‌కి గానీ తెలిస్తే చెప్పండి, మెట్ల కింద మైనం కూడా కొత్తగా వేయించాలట.